చెరువులు, జలాశయాల్లో చేపల వేటకు హద్దులు: ఎంత పట్టాలి? ఎప్పుడు ఆపాలి?

వానాకాలంలో చెరువు నిండుతుంది. చేప పిల్లలు వదులుతారు. నాలుగైదు నెలలు గడిచేసరికి ఒకరిద్దరు వలలు వేయడం మొదలుపెడతారు. వాళ్లు పడుతుంటే మిగతావారు ఊరుకోరు. సంక్రాంతి నాటికి చెరువులో ఉన్నవన్నీ పావు కిలో, అర కిలో చేపలుగానే బయటికి వచ్చేస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి సంఘం చేతిలో ఏమీ మిగలదు. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊరి చెరువుల్లో ఏటా జరిగేది ఇదే.

చేపల దిగుబడి పెంచాలంటే ఎక్కువ పిల్లలు వదిలితే చాలనుకుంటారు. పిల్లలు వదలడం సగం పని మాత్రమే. ఏ సైజు చేపను పట్టాలి, ఏ కన్ను వల వాడాలి, ఏ నెలల్లో వేట ఆపాలి అన్నవి అందరూ కలిసి ముందే తీర్మానించుకోవడం మిగతా సగం. ఆ తీర్మానం ఎలా చేసుకోవాలో, లెక్కలు ఎలా వేసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా మీ నీరు ఏ రకమో తేల్చుకోండి

అన్ని నీళ్లకూ ఒకే నియమం పనికిరాదు. వేట హద్దుల విషయంలో మన నీటి వనరులను మూడు రకాలుగా చూడాలి.

1. వేసవిలో ఎండిపోయే చెరువులు, కుంటలు: వీటిలో నీరు ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. ఏటా పిల్లలు వదలాలి, నీరు ఎండేలోగా మొత్తం పట్టాలి. ఇక్కడ తల్లి చేపలను మిగల్చడం ముఖ్యం కాదు. చేప పూర్తిగా పెరిగేదాకా ఆగడమే ముఖ్యం.

2. ఏడాదంతా నీరుండే పెద్ద చెరువులు, చిన్న జలాశయాలు: వీటిలో కూడా బొచ్చె, రవ్వ (శీలావతి), మ్రిగాల వంటివి ఎక్కువగా మనం వదిలిన పిల్లల నుంచే వస్తాయి. కొర్రమీను, జెల్ల, పరిగె, బంగారు తీగ వంటివి చెరువులోనే గుడ్లు పెట్టి పెరుగుతాయి. కాబట్టి రెండు రకాల జాగ్రత్తలూ కావాలి.

3. నదులు, పెద్ద జలాశయాలు: శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్ వంటి చోట్ల చేపలు వరద నీటికి ఎదురీది గుడ్లు పెడతాయి. ఇక్కడ తల్లి చేపలను, గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటమే మొదటి పని.

జలాశయం విస్తీర్ణం వెయ్యి హెక్టార్ల లోపు ఉంటే చిన్నది, వెయ్యి నుంచి ఐదు వేల హెక్టార్ల వరకు మధ్య తరహా, ఆపైన పెద్దది అని మత్స్య శాస్త్రవేత్తలు లెక్కిస్తారు. విస్తీర్ణం పెరిగేకొద్దీ పిల్లలు వదలడం ద్వారా వచ్చే లాభం తగ్గుతుంది. సహజంగా పుట్టే చేపల మీద ఆధారపడటం పెరుగుతుంది.

అతిగా పట్టడం రెండు విధాలు

మొదటిది, పెరగకముందే పట్టడం. చేప పొడవు రెండింతలైతే బరువు సుమారు ఎనిమిదింతలవుతుంది. జానెడు చేప మూరెడు కావడానికి పట్టే కొన్ని నెలల్లోనే అసలు బరువంతా వస్తుంది. ఆ నెలలకు ముందే పడితే ఖర్చు పెట్టి వదిలిన పిల్లను గింజ పోసుకోకముందే కోసిన పంటలా పాడుచేసుకున్నట్టే.

రెండోది, పిల్లలు పుట్టకుండా పట్టడం. గుడ్లతో ఉన్న తల్లి చేపలను ఏటా పట్టేస్తే కొత్త తరం తగ్గుతూ వస్తుంది. దీని ఫలితం ఆ ఏడాది కనిపించదు. మూడు నాలుగేళ్ల తర్వాత వలలు ఖాళీగా వస్తాయి. అప్పుడు ఎవరికి వారు చిన్న కన్ను వలలకు మారతారు. దాంతో నష్టం ఇంకా పెరుగుతుంది.

ఎండిపోయే చెరువుల్లో మొదటి నష్టం ఎక్కువ. నదుల్లో, పెద్ద జలాశయాల్లో రెండూ ఉంటాయి.

ఆగితే ఎంత లాభం? ఒక లెక్క

ఇది అర్థం కావడానికి వేసిన ఉదాహరణ మాత్రమే. మీ చెరువులో పెరుగుదల, మీ మార్కెట్ ధర బట్టి అంకెలు మార్చి వేసుకోండి.

ఆరో నెలలో చెరువులో వెయ్యి చేపలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 300 గ్రాములు. ఇప్పుడే పడితే 300 కిలోలు వస్తాయి. చిన్న చేప కాబట్టి కిలోకు 80 రూపాయలు అనుకుంటే 24,000 రూపాయలు.

ఇంకో నాలుగు నెలలు ఆగారనుకుందాం. ఈలోగా నూటికి 15 చేపలు చనిపోయాయి లేదా పక్షుల పాలయ్యాయి. మిగిలినవి 850. ఒక్కొక్కటి 900 గ్రాములకు వచ్చింది. మొత్తం 765 కిలోలు. కిలోకు 120 రూపాయలు అనుకుంటే 91,800 రూపాయలు.

చేపలు కొన్ని పోయినా రాబడి దాదాపు నాలుగింతలు. అయితే ఈ లాభం నీరు నిలిచే చెరువుకే. ఫిబ్రవరికే ఎండిపోయే కుంటలో నాలుగు నెలలు ఆగడం కుదరదు. అలాంటి చోట పెద్ద సైజు పిల్లలను (80 నుంచి 100 మిల్లీమీటర్లవి) వదలడం, వీలైనంత తొందరగా వదలడం మేలు. చిన్న పిల్లలు (35-40 మిల్లీమీటర్లవి) పెరగడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయి. కొర్రమీను, వాలుగ వంటి వేట చేపల నోట్లో ఎక్కువగా పడేవి కూడా అవే.

ఎన్ని పిల్లలు వదలాలి?

వేట హద్దు లెక్క పిల్లలు వదిలే రోజునే మొదలవుతుంది. ఊరి చెరువుల్లో చేపలకు మేత వేయం. నీటిలో సహజంగా పుట్టే నాచు, సూక్ష్మజీవులు, అడుగున పేరుకున్న కుళ్లు పదార్థాలే వాటి తిండి. ఆ తిండి ఎంతమందికి సరిపోతుందో అన్ని పిల్లలే పెరుగుతాయి. అంతకు మించి వదిలితే చేపల సంఖ్య ఉంటుంది గాని సైజు రాదు.

లెక్క ఇలా వేయాలి. చెరువు నుంచి ఆశించే మొత్తం దిగుబడిని పట్టే సమయానికి ఒక్కో చేప పెరిగే బరువుతో భాగించాలి. వచ్చిన సంఖ్యకు బతికే శాతాన్ని బట్టి కలుపుకోవాలి.

ఉదాహరణకు చెరువులో నీరు నిలిచే భాగం 10 హెక్టార్లు. హెక్టారుకు 500 కిలోల దిగుబడి ఆశిస్తున్నాం. మొత్తం 5,000 కిలోలు. ఒక్కో చేప 800 గ్రాములు పెరగాలి. అంటే పట్టే సమయానికి 6,250 చేపలు ఉండాలి. వదిలిన పిల్లల్లో సగం బతుకుతాయనుకుంటే 12,500 పిల్లలు వదలాలి.

చెరువు పూర్తిగా నిండినప్పటి విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చేపలు పెరిగే నెలల్లో సగటున నీరుండే విస్తీర్ణాన్నే తీసుకోవాలి. రికార్డుల్లో 40 ఎకరాలున్న చెరువులో జనవరికి 15 ఎకరాల నీరే ఉంటే 40 ఎకరాలకు వదిలిన పిల్లలు ఎదగవు.

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది. పిల్లలు వచ్చిన రోజు సంఘం సభ్యులు దగ్గరుండి సైజు కొలవాలి. రెండు మూడు సంచుల్లో పిల్లలను లెక్కించి సరాసరి తీయాలి. ఎన్ని వచ్చాయో తెలియకపోతే ఎన్ని పట్టవచ్చో కూడా తెలియదు.

చెరువులో ఇప్పుడు ఎన్ని చేపలున్నాయి? తెలుసుకునే పద్ధతి

నీటి కింద ఉన్న చేపలను లెక్కపెట్టలేం. కానీ గుర్తు పెట్టి వదిలే పద్ధతితో ఒక అంచనాకు రావచ్చు.

- ఒక రోజు ఉదయం లాగుడు వలతో చేపలు పట్టి 200 చేపలకు పొట్ట కింది రెక్కల్లో ఒకదాని కొసను శుభ్రమైన కత్తెరతో కొద్దిగా కత్తిరించాలి. చేపలను తడి చేత్తోనే పట్టుకోవాలి.
- వెంటనే చెరువులో వేర్వేరు చోట్ల వదలాలి.
- వారం తర్వాత మళ్లీ వేర్వేరు చోట్ల వల లాగాలి. ఈసారి 300 చేపలు పడ్డాయనుకుందాం. వాటిలో గుర్తున్నవి 10.
- 200 ను 300 తో గుణించి 10 తో భాగించాలి. 6,000 వస్తుంది. చెరువులో సుమారు ఆరు వేల చేపలున్నట్టు.

12,500 పిల్లలు వదిలిన చెరువులో ఆరు వేలు ఉన్నాయంటే దాదాపు సగం బతికినట్టు. రెండు వేలే ఉన్నట్టు తేలితే కారణం వెతకాలి. పిల్లలు అలుగు మీదుగా పోయాయా, వేట చేపలు తిన్నాయా, దొంగ వేట జరిగిందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

ఈ అంచనా వేసే వారంలో అలుగు పారకూడదు, ఇతరులు వేటాడకూడదు. ఒకే రకం చేపకు విడిగా లెక్క వేస్తే ఇంకా బాగా వస్తుంది. గుర్తున్న చేపలు మరీ తక్కువగా, రెండు మూడే దొరికితే ఆ అంచనాను నమ్మకుండా మళ్లీ వల లాగాలి.

వల కన్ను ఎంత ఉండాలి?

ఒక్కొక్క చేపను కొలిచి చిన్నవి వదిలేయమంటే ఆచరణలో కష్టం. కన్ను వలలో చిక్కిన చేపను విడిపించేసరికే అది చాలాసార్లు చనిపోతుంది. అందుకే సైజు నియమాన్ని వల కన్నులోనే పెట్టాలి.

దీనికి చిన్న పరీక్ష ఉంది. మీరు చెరువులో మిగలాలనుకునే చేపల్లో పెద్దదాన్ని తీసుకోండి. దాని ఒంటి లావు ఎక్కడ ఎక్కువో అక్కడ దారం చుట్టి కొలవండి. ఆ చుట్టుకొలతలో సగం కంటే వల కన్ను ఎక్కువ ఉండాలి. కన్నును సాగదీసి ఒక ముడి నుంచి ఎదుటి ముడి వరకు కొలవాలి.

ఉదాహరణకు చేప చుట్టుకొలత 24 సెంటీమీటర్లు. సగం 12. సాగదీసిన కన్ను 12 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఉంటే ఆ చేప, దానికంటే చిన్నవి దాటిపోతాయి. పెద్దవి చిక్కుతాయి.

వల అమ్మేవారు కన్నును కొన్నిచోట్ల ముడి నుంచి పక్క ముడి వరకు చెబుతారు, కొన్నిచోట్ల సాగదీసి చెబుతారు. రెండింటికీ రెండింతల తేడా. తీర్మానంలో ఏ కొలతో స్పష్టంగా రాయాలి. లేకపోతే ఈ మాట మీదే గొడవలు వస్తాయి.

లాగుడు వలతో పట్టేటప్పుడు చిన్న చేపలు బతికే ఉంటాయి కాబట్టి ఏరి వదలవచ్చు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ ఎక్కువ. పొద్దెక్కిన తర్వాత ఎండ ముదరకముందే వల లాగడం మంచిది. వలను పూర్తిగా గట్టు మీదికి ఈడ్వకుండా నీటిలోనే ఉంచి చిన్నవాటిని వదలాలి.

అలివి వలలతో ముప్పు

కృష్ణా నదిపై శ్రీశైలం జలాశయం వెనుక జలాల్లో, సోమశిల, కొల్లాపూర్ ప్రాంతాల్లో అలివి వలల మీద స్థానిక మత్స్యకారులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. దోమతెరలాంటి సన్నని కన్నుతో, చాలా పొడవుగా ఉండే ఈ వలను లాగితే వేలెడు పిల్ల కూడా మిగలదు. అలా పట్టిన చిన్న చేపలను ఎండబెట్టి అమ్ముతారు. ప్రభుత్వం వదిలిన పిల్లలు, నదిలో సహజంగా పుట్టిన పిల్లలు రెండూ అందులోనే పోతాయి. వీటి వాడకం నిషిద్ధం.

ఒక అలివి వల ఒక్క రోజు లాగితే మామూలు కన్ను వలలు వేసుకునే కుటుంబాలకు వచ్చే ఏడాది దొరకాల్సిన చేప పోతుంది. ఇలాంటి వల కనిపిస్తే సంఘం తరఫున మత్స్యశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సభ్యులు తామే వెళ్లి గొడవకు దిగడం ప్రమాదం.

వేట ఎప్పుడు ఆపాలి?

సముద్రంలో తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఈ తేదీలే చెరువులకూ వర్తిస్తాయని కొందరు పొరబడతారు. మంచినీటి చేపలు గుడ్లు పెట్టే కాలం వేరు. బొచ్చె, రవ్వ, మ్రిగాల నైరుతి వానలతో వరద పారేటప్పుడు గుడ్లు పెడతాయి. అందుకే జలాశయాల్లో సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో వేట ఆపుతారు. మీ జలాశయానికి ప్రకటించిన తేదీలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

బొచ్చె, రవ్వ వంటివి సాధారణంగా రెండో ఏడాది తర్వాతే గుడ్లకు వస్తాయి. ఒక్క తల్లి చేప కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అయితే నిలిచిన నీటిలో ఇవి గుడ్లు పెట్టవు. పారే వరద కావాలి. చెరువుల్లో పెంచిన చేపలకు హార్మోను ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి 1957 జులై 10న డాక్టర్ హీరాలాల్ చౌధురి విజయవంతం చేసిన తర్వాతే పిల్లల సరఫరా సులువైంది. ఆ రోజునే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

తొలి వానలకు అలుగు (మత్తడి) పారగానే చేపలు నీటికి ఎదురెక్కుతాయి. ఊరంతా బుట్టలు, చీరలు, వలలు పట్టుకుని అక్కడికే పోతారు. ఆ సమయంలో ఎదురెక్కేవాటిలో చాలా చేపలు గుడ్లతో ఉంటాయి. సరదాగా పట్టే ఆ నాలుగు రోజుల వేటే చెరువుకు ఎక్కువ నష్టం. అలుగు, వాగు కలిసే చోట, కాలువ చెరువులో పడే చోట ఆ వారం పది రోజులు ఎవరూ వల వేయకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకోవాలి. ఇది సంఘం ఒక్కటే చేయగలిగేది కాదు, గ్రామ పంచాయతీ కూడా కలవాలి.

కొర్రమీనుకు వేరే నియమం

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మార్కెట్లో దీని ధర బొచ్చె, రవ్వల కంటే ఎక్కువ. ఇది చెరువులోనే, గడ్డీ తుంగా ఉన్న ఒడ్డు దగ్గర గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైపైన తిరుగుతాయి. తల్లిదండ్రులు కిందే ఉండి కాపలా కాస్తాయి. ఎర్ర గుంపు కనిపించిన చోట గాలం వేస్తే పెద్ద చేప తప్పక దొరుకుతుందని అందరికీ తెలుసు. ఆ ఒక్క చేపను పట్టగానే వందల పిల్లలు కాపలా లేక ఇతర చేపల పాలవుతాయి.

కొర్రమీను ఉన్న చెరువులో పాటించాల్సినవి:

- పిల్లల గుంపు దగ్గర గాలం, వల వేయకూడదు.
- ఒడ్డున గడ్డి, తుంగ మొత్తం తీసేయకుండా కొంత భాగం వదిలేయాలి.
- నీరు బాగా తగ్గినప్పుడు బురదలో దాగిన చిన్న కొర్రమీనులను తవ్వి తీయకూడదు. లోతైన మడుగులో వదలాలి.
- అదే చెరువులో బొచ్చె, రవ్వ పిల్లలు వదిలేటప్పుడు పెద్ద సైజువే వదలాలి.

గోదావరి పులస చెప్పే పాఠం

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. బంగాళాఖాతం నుంచి వరద రోజుల్లో గోదావరిలోకి ఎదురీది వచ్చే ఈ చేప వచ్చేదే గుడ్లు పెట్టడానికి. అది నదిలోకి వచ్చే దారిలోనే వలలు. పైకి పోదామంటే ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం. పులస దొరకడం తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగేకొద్దీ ఒక్క చేప కోసం వలలు పెరుగుతాయి. గుడ్ల చేపకే ఎక్కువ ధర పలికే చోట వ్యాపారం ఒక్కటే చేపను కాపాడలేదు.

ఇదే జాతి చేపను బంగ్లాదేశ్‌లో ఇలిష్ అంటారు. అక్కడ 25 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని నవంబరు నుంచి జూన్ వరకు పట్టడం నిషేధం. గుడ్లు పెట్టే సమయంలో అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట పూర్తిగా ఆపుతారు. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. వేట ఆపమని చెప్పేటప్పుడు ఆ రోజుల్లో ఇల్లు గడిచే దారి కూడా చూడాలన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. ఊరి సంఘం కూడా వేట ఆపిన నెలల కోసం ఎండాకాలపు రాబడిలో కొంత పక్కన పెట్టుకోవచ్చు.

రోజుకు ఇన్ని అనే పరిమితి మనకు పనికొస్తుందా?

అమెరికాలో ఉంటున్న మన తెలుగువారు చెరువులో సరదాగా గాలం వేయాలన్నా చాలాచోట్ల రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. ఏ రకం చేప రోజుకు ఎన్ని పట్టవచ్చు, ఎంత పొడవు లోపువి వదిలేయాలి అన్నది ఆ రాష్ట్ర నియమాల్లో ఉంటుంది. గాలంతో పట్టిన చేప బతికే ఉంటుంది కాబట్టి కొలిచి వదలడం అక్కడ సాధ్యం.

వలతో బతికే మన మత్స్యకారులకు ఆ పద్ధతి యథాతథంగా సరిపోదు. వల కన్ను, వేట నెలలు మనకు ఎక్కువ పనిచేస్తాయి. కానీ రోజు పరిమితి ఒక విషయంలో ఉపయోగపడుతుంది. అందరూ ఒకే రోజు పడితే మార్కెట్లో ధర పడిపోతుంది. వారానికి ఇన్ని రోజులు, రోజుకు ఇన్ని తెప్పలు, ఒక్కో సభ్యుడికి ఇన్ని వలలు అని పెట్టుకుంటే ధర నిలుస్తుంది, చేప కూడా పెరుగుతుంది. ఈత రానివారికి, తెప్ప లేనివారికి, వితంతు సభ్యులకు కూడా వాటా న్యాయంగా అందుతుంది.

హద్దులు అక్కర్లేని చేపలు

కొన్ని చేపలను ఎంత పడితే అంత మేలు.

- తిలాపియా: రెండు మూడు నెలల వయసులోనే, చిన్న సైజులోనే గుడ్లకు వస్తుంది. చెరువు నిండిపోయి మిగతా చేపల తిండి తినేస్తుంది. దొరికినవన్నీ తీసేయాలి.
- ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్: దీని పెంపకం మన దేశంలో నిషిద్ధం. ఇతర చేపలను, వాటి పిల్లలను తింటుంది. వలలో పడితే తిరిగి నీటిలో వదలకూడదు.
- దెయ్యం చేప (సక్కర్ క్యాట్‌ఫిష్): గాజు తొట్టెల కోసం తెచ్చి నీటిలో వదిలేసిన ఈ చేప ఒళ్లంతా గట్టి ముళ్ల పొలుసు. వలలు చించుతుంది. తీసి గట్టున పాతిపెట్టాలి. తొట్టెల్లో పెంచే చేపలను చెరువులో వదలవద్దని ఊళ్లో అందరికీ చెప్పాలి.

వేట పుస్తకం రాయండి

ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, ఎన్ని వలలు, ఎన్ని గంటలు, రకాలవారీగా ఎన్ని కిలోలు, పది చేపల బరువు. ఈ ఐదు రాస్తే చెరువు పరిస్థితి తెలుస్తుంది.

- వలకు పడే కిలోలూ తగ్గి, చేప సైజూ తగ్గితే అతిగా పడుతున్నట్టు. వేట ఆపాలి, కన్ను పెంచాలి.
- చేపలు బాగానే పడుతున్నా సైజు పెరగకపోతే పిల్లలు ఎక్కువయ్యాయి లేదా తిండి చాలడం లేదు. కొన్ని పట్టి పలచన చేయాలి. వచ్చే ఏడు తక్కువ వదలాలి.
- చేపలు తక్కువగా పడి, పడినవి పెద్దవిగా ఉంటే వదిలిన పిల్లలు బతకలేదు. పిల్లల సైజు, అలుగు జాలీ, వేట చేపలు చూడాలి.
- ఒక రకం పూర్తిగా కనిపించకపోతే ఆ రకానికి రెండేళ్లు విరామం ఇవ్వాలి.

నెలలవారీ పని

- జూన్: అలుగు, తూము దగ్గర జాలీలు బిగించాలి. అవి చెత్తతో మూసుకుపోకుండా రోజూ చూడాలి. ఎదురెక్కే చేపల వేట ఆపాలి.
- జులై, ఆగస్టు: వేట విరామం. చెరువు నిండగానే పిల్లలు వదలాలి. సంచులను కాసేపు చెరువు నీటిలో తేల్చి, లోపలి నీరు, బయటి నీరు సమానం అయ్యాక వదలాలి.
- సెప్టెంబరు నుంచి నవంబరు: వల వేయకూడదు. కాపలా ముఖ్యం.
- డిసెంబరు: నమూనాగా వల లాగి బరువులు చూడాలి. గుర్తు పెట్టి అంచనా వేయాలి.
- జనవరి, ఫిబ్రవరి: పెద్ద కన్ను వలతో ఎదిగినవాటిని మాత్రమే తీయాలి.
- మార్చి నుంచి మే: ఎండిపోయే చెరువులో పూర్తి వేట. నీరుండే చెరువులో లోతైన మడుగును వదిలి మిగతా చోట వేట. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ప్రాణవాయువు తగ్గినట్టు. అప్పుడు హద్దులు చూడకుండా కొన్నింటిని వెంటనే తీసేయాలి.

మడుగులో నీరు ఉండాలంటే ఆయకట్టు రైతులతో మాట్లాడుకోవాలి. చెరువు నీటిపై మొదటి హక్కు సాగుదే. తూము ఏ మట్టం వరకు తీయాలో వేసవికి ముందే ఇరువురూ కూర్చుని తేల్చుకుంటే తగవు ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నీటిలో పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం నేరం. పురుగు మందు కలిపి పట్టిన చేప తిన్నవారికీ, ఆ నీరు తాగిన పశువులకూ ప్రమాదం. కరెంటు తీగ వేసి పట్టేవారు తామే చనిపోయిన సంఘటనలు తరచూ వింటున్నాం. ఈ మూడు పద్ధతులూ సైజు చూడవు, రకం చూడవు. చెరువును ఖాళీ చేస్తాయి.

సంఘం తీర్మానం: నమూనా

సర్వసభ్య సమావేశంలో చదివి, అందరి సంతకాలతో రాసుకోవాలి. చెరువును గుత్తేదారుకు ఇచ్చే చోట ఇవే షరతులను ఒప్పందంలో చేర్చాలి. చాలాచోట్ల సంఘం నియమాలు సభ్యులకే ఉంటాయి, గుత్తేదారు వలకు ఉండవు.

1. సాగదీసిన కొలతలో ఇన్ని సెంటీమీటర్ల కంటే చిన్న కన్ను వల ఈ చెరువులో వేయరాదు.
2. బొచ్చె, రవ్వ, మ్రిగాల ఇంత బరువు లోపువి అమ్మరాదు. చెరువు ఎండుతున్నప్పుడు మాత్రమే మినహాయింపు.
3. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వేట ఉండదు. అలుగు దగ్గర వేట ఎప్పుడూ ఉండదు.
4. ఒక్కో సభ్యుడికి ఇన్ని వలలు. వారంలో ఇన్ని రోజులు.
5. లోతైన మడుగులో వేట లేదు.
6. పట్టిన ప్రతి కిలో పుస్తకంలో రాయాలి. పుస్తకం ఎవరు అడిగినా చూపాలి.
7. తప్పినవారికి జరిమానా ఎంతో ముందే రాయాలి. అధ్యక్షుడు తప్పినా అదే జరిమానా.

మొదటి ఏడాది అన్ని నియమాలూ పెట్టుకోలేకపోతే వల కన్ను, వేట మొదలుపెట్టే తేదీ ఈ రెండింటితో ప్రారంభించండి. చేప సైజులో తేడా ఆ ఏడాది వేసవికే కనిపిస్తుంది. పుస్తకంలో రాసిన అంకెలు చూపిస్తే వచ్చే ఏడు మిగతా నియమాలకు సభ్యులను ఒప్పించడం తేలికవుతుంది. చేప పిల్లలు, వేట తేదీలు, అనుమతి ఉన్న వలల వివరాలకు మీ మండలంలోని మత్స్యశాఖ సిబ్బందిని సంప్రదించండి.